పదకొండు రోజుల నడక

గాలివీడు పక్క పల్లె నుంచి గురవమ్మ సౌదీలోని అల్ ఖర్జ్‌కు వచ్చి పదమూడేళ్లు. వచ్చిన కొత్తలో అరబ్బీ ఒక్క ముక్క రాక, యజమానురాలు ఖాలిదా ఉప్పడిగితే చక్కెరా, చక్కెరడిగితే చీపురూ తెచ్చి ఇచ్చింది. ఇప్పుడా ఇంట్లో ఉప్పెక్కడుందో ఖాలిదాకు తెలియదు, గురవమ్మనే అడగాలి.

ఖాలిదా బడిలో టీచరు. భర్త పోయాక ఊరి చివర, డెయిరీలకు పోయే రోడ్డు పక్కనున్న ఖర్జూరపు తోటింట్లోనే ఉండిపోయింది. కొడుకులు రియాద్‌లో కాపురాలు పెట్టారు, వారానికొకసారి పెళ్లాం పిల్లలతో వచ్చి పోతారు. మిగతా రోజుల్లో ఆ ఇంట్లో ఉండేది ఖాలిదా, వంటకు గురవమ్మ, గేటు పక్క గదిలో డ్రైవరు మౌలాలి. మౌలాలిది కూడా కడప జిల్లానే, వేంపల్లె. అందుకే ఆ ఇంట్లో గురవమ్మకు మాట్లాడుకోవడానికి తెలుగు దొరికేది.

గురవమ్మ దేనికీ జంకే మనిషి కాదు. శనక్కాయ చేలో కలుపు తీస్తుంటే కాలి పక్కన పాము కనబడింది ఒకసారి. దాన్ని తొలికతో కొట్టి, గట్టున పారేసి, మళ్లీ వంగి కలుపు తీసుకుంది. భర్త చెంచయ్య బోరు బండి మీద పనికి కర్ణాటక పోయి, పైపు మీద పడి చనిపోతే, టెంపోలో వచ్చిన శవాన్ని తానే దగ్గరుండి దింపించింది. ఒక్కగానొక్క కూతురికి రాయచోటిలో కుట్టుమిషను పెట్టించి, తాను విమానం ఎక్కింది. దయ్యాలూ గాలీ ధూళీ నమ్మదు. దిష్టిని మాత్రం నమ్ముతుంది. "దిష్టి మనుషులది కదబ్బా. మనుషులుండేది నిజమైతే దిష్టి నిజమే," అనేది మౌలాలితో.

అటువంటి మనిషి రెండేళ్ల కిందటి వేసవిలో పదకొండు రోజులు చూసినదాని గురించి ఇప్పటికీ ఎవరితోనూ పూర్తిగా మాట్లాడలేదు. మౌలాలితో కొంత చెప్పింది. కూతురితో ఇంకొంత చెప్పింది. రెండూ కలిపి చూసుకుంటే గాని విషయం తెలియదు.

ఇంటిపనికి నకాటో వచ్చింది అంతకు ముందు సంవత్సరం. ఉగాండా దేశం పిల్ల. ఇరవై ఏడేళ్లు, పొడగరి, నెమ్మదిగా నవ్వే మనిషి. ఆమెకు తెలుగు రాదు, గురవమ్మకు ఆమె భాష రాదు. ఇద్దరూ వంటింటి అరబ్బీలో మాట్లాడుకునేవారు. పది మాటలూ చేతులూ కలిపితే ఏ సంగతయినా చెప్పుకోవచ్చని మూడు నెలల్లో తేలిపోయింది. గురవమ్మకు కోపం వచ్చినా, ప్రేమ వచ్చినా నోట తెలుగే వచ్చేది. నకాటో ఆ మాటలు వదిలేసి గొంతును బట్టి అర్థం చేసుకునేది. గురవమ్మను "ఆంటీ" అని పిలిచేది.

నకాటో అంటే వాళ్ల భాషలో ఊరికే పెట్టుకున్న పేరు కాదు. కవలల్లో రెండో బిడ్డ ఆడపిల్లయితే ఆ పేరే పెట్టాలి. మొదటి బిడ్డ మగవాడయితే వాస్వా. కవలల్ని కన్న తల్లిని ఊరంతా ఇక పేరు పెట్టి పిలవరు, నాలొంగో అని గౌరవంగా పిలుస్తారు.

"కవలల్లో ఒకరు పోతే చచ్చిపోయారని అనకూడదు ఆంటీ," అని ఒకసారి బెండకాయలు తరుగుతూ చెప్పింది నకాటో. "ఎగిరిపోయారు అనాలి."

"యాడికి ఎగిరేది?" అంది గురవమ్మ.

నకాటో భుజాలు ఎగరేసి నవ్వింది.

అన్న వాస్వా సైన్యంలో ఉన్నాడు. వాళ్ల ఊళ్లో పేదింటి మగపిల్లవాడికి గేటు తీసిపెట్టిన ఇల్లు సైన్యం ఒక్కటేనట. ఊరి మైదానంలో రెండు వేల మంది పరిగెత్తితే నలభై మందిని తీసుకున్నారు, అందులో వాస్వా ఒకడు. మొదట పడమటి సరిహద్దులో వేశారు. అక్కడ కాంగో అడవుల్లోంచి తిరుగుబాటుదారులు వచ్చి, పల్లెలు తగలబెట్టి, మళ్లీ అడవిలోకి పోతారు. ఎదురుపడి పోరాడే శత్రువు కాదు. చెట్ల మధ్య నుంచి వచ్చి చెట్ల మధ్యకే పోయే శత్రువు. ఆ తర్వాత వాస్వాను సోమాలియాకు పంపారు. అక్కడ కూడా తిరుగుబాటుదారుల చేతిలో ప్రభుత్వం కూలిపోకుండా ఆఫ్రికా దేశాలన్నీ కలిసి పెట్టిన సైన్యంలో ఉగాండావాళ్లు చాలా ఏళ్లుగా కాపలా ఉన్నారు. ఇప్పుడు ఒక్కో శిబిరాన్నీ అక్కడి సైన్యానికి అప్పజెప్పి వెనక్కి వచ్చేస్తున్నారు. మిగిలిన శిబిరాల్లో మనుషులు పలచబడ్డారు.

"కంచె పొడవు అంతే ఉంది, కాసేవాళ్లు సగమయ్యారు," అని వాస్వా ఒక శుక్రవారం వీడియోలో చెల్లెలితో అన్నాడు. నకాటో ఆ మాటను గురవమ్మకు అరబ్బీలోకి మార్చి చెప్పి, ఫోను ఆమె వైపు తిప్పింది. టోపీ పెట్టుకున్న నకాటో ముఖం తనను చూసి సలాం చెప్పినట్టు అనిపించి గురవమ్మ ఉలిక్కిపడింది. అంత పోలిక. వాడి వెనక ఇసుక మూటల గోడ, దాని మీద ఆరేసిన బనీను.

"పిల్లోడు చిక్కిపోయినాడు. బాగా తినమని చెప్పు మే," అంది.

అది జరిగిన రెండు రోజులకు, ఆదివారం తెల్లవారుజామున మొదలయింది.

ఐదుంపావు. ఖాలిదా నమాజు ముగించి బడికి తయారవుతోంది. గురవమ్మ రొట్టెల పిండి కలుపుతోంది. నకాటో బయట గొట్టంతో వాకిలి కడుగుతోంది. నీళ్ల శబ్దం ఒక్కసారిగా మారింది. గచ్చు మీద పడే నీళ్లు గోడ మీద పడుతున్న శబ్దం. గురవమ్మ కిటికీలోంచి చూస్తే గొట్టం పాములాగ మెలికలు తిరుగుతోంది. నకాటో తడి గచ్చు మీద బోర్లా పడుకుని ఉంది.

కళ్లు తిరిగి పడిన మనిషి అట్లా పడదు. మోచేతులు పక్కటెముకలకు అదిమిపెట్టి, అరచేతులతో చెవులు మూసుకుని, నోరు మాత్రం పెద్దగా తెరిచి ఉంచింది. కేక లేదు. తెరిచిన నోట్లోంచి ఊపిరి శబ్దం కూడా లేదు.

"ఏమైంది మే! ఏమైంది తల్లీ!" అంటూ గురవమ్మ పిండి చేతులతోనే పరిగెత్తింది. ఖాలిదా కూడా వచ్చింది. ఇద్దరూ కలిసి లేపి కూర్చోబెట్టారు. నకాటో వాళ్ల పెదవుల వంక చూస్తోంది గాని మాటలు వినబడుతున్నట్టు లేదు. కాసేపటికి గట్టిగా, చెవిటివాళ్లు మాట్లాడినట్టు, ఒక్క మాట అంది. "దుఖాన్." పొగ.

పొగ ఎక్కడా లేదు. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

తర్వాత మౌలాలి ఆ పడుకున్న తీరు గురవమ్మ నోట విన్నాడు. అతని చిన్నాన్న మిలిటరీలో చేసి వచ్చినవాడు. "బాంబు పడేటప్పుడు అట్లా పండుకోమని నేర్పిస్తారక్కా. నోరు తెరిచి పెట్టుకోకపోతే చెవులు పగిలిపోతాయంట. ఆ పాపకు ఎవురు నేర్పించినారు?" అన్నాడు.

ఆ సాయంత్రం అతనే ఫోను పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. సోమాలియాలో ఉగాండా సైనికుల శిబిరం ఒకదాని మీద తెల్లవారుజామున దాడి జరిగిందని వార్త. బాంబులు నింపిన లారీని గేటుకు గుద్దించి, వెనకే వందల మంది తిరుగుబాటుదారులు మీదపడ్డారు.

"ఎన్ని గంటలకు?" అంది గురవమ్మ.

"ఐదూ పది, ఐదుంపావు మధ్యన అంట. ఆడ టైమూ ఈడ టైమూ ఒకటే అక్కా."

గురవమ్మ చేతిలో గరిటె పొయ్యి పక్కన పెట్టింది. పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా పెట్టిందని మౌలాలికి గుర్తు. ఆమె ఏదీ చప్పుడు లేకుండా పెట్టే మనిషి కాదు.

వాస్వా ఫోను మోగలేదు. రెండో రోజు వాళ్లమ్మ నాలొంగోకు సైన్యం నుంచి కబురు వచ్చింది. కొడుకు కనబడటం లేదని, వెతుకుతున్నామని. అప్పటికే ఇక్కడ నకాటో నడక మొదలుపెట్టింది.

ఉదయం ఆరింటికి ఖాలిదాను తీసుకుని మౌలాలి బడికి పోతే తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. ఆ మధ్యలో ఇంట్లో ఆడవాళ్లిద్దరే. తొమ్మిది గంటల దాకా నకాటో మామూలుగానే పని చేసేది. పక్కలు సర్దేది, బట్టలు ఉతికేది. వినికిడి కూడా వచ్చేసింది. తొమ్మిదయ్యేసరికి చేతిలో పని చేతిలో వదిలేసి, చెప్పులు వేసుకుని, తోట వెనక చిన్న గేటు తీసుకుని బయటికి నడిచేది. అటువైపు రాళ్లూ ఇసుకా, అక్కడక్కడ ముళ్ల చెట్లూ తప్ప ఏమీ లేవు. జూన్ నెల ఎండ. మేకలు కూడా నీడ వదలని వేళ.

గురవమ్మ మొదటి రోజు చెయ్యి పట్టుకుని లాగింది. బండను లాగినట్టయింది. అడ్డం నిలబడితే పక్కనుంచి నడిచింది. తిట్టింది, బతిమాలింది. చివరికి గొడుగు ఒక చేత్తో, నీళ్ల సీసాలు ఒక చేత్తో పట్టుకుని వెనకాల నడవడం తప్ప దారి కనబడలేదు.

"యాడికి మే పోతాండావు?"

"అఖూ," అనేది నకాటో. అన్న. అంతే.

నిద్రలో నడిచేవాళ్ల నడక కాదది. కళ్లు తెరిచి, ప్రతి చెట్టునూ దిబ్బనూ చూసుకుంటూ నడిచేది. ఉన్నట్టుండి వంగి, ఒక రాయి చాటున కూర్చునేది. చాలాసేపు ఊపిరి బిగబట్టి ఉండేది, ఎవరో దాటిపోవాలని ఎదురుచూస్తున్నట్టు. ఆ సమయంలో గురవమ్మ నోరు తెరిస్తే చెయ్యెత్తి ఆపేది. ఆ బయలులో వాళ్లిద్దరూ తప్ప మనిషి లేడు. అయినా గురవమ్మ కూడా తల వంచుకుని కూర్చునేది. ఎందుకు కూర్చున్నానని ఇంటికొచ్చాక తనను తానే తిట్టుకునేది. మళ్లీ మర్నాడు కూర్చునేది.

నీళ్లు ఎన్ని తాగినా నకాటో దాహం తీరలేదు. తాగిన నీళ్లు తనకు అందడం లేదన్నట్టు సీసా వంక చూసేది.

మూడో రోజు తిరిగి వస్తున్నప్పుడు గురవమ్మ నేల వంక చూసింది. పోయేటప్పుడు పడిన అడుగులు ఇసుకలో అలాగే ఉన్నాయి. తన అడుగులు తనవి, నకాటో అడుగులు నకాటోవి. కాని నకాటో ఎడమ అడుగు శుభ్రంగా పడింది, కుడి అడుగు పడిన ప్రతిచోటా వెనక జానెడు గీత ఉంది. గాయపడిన కాలు ఈడ్చుకుంటూ నడిస్తే పడే గీత.

గురవమ్మ తలెత్తి ముందు నడుస్తున్న పిల్లను చూసింది. నకాటో రెండు కాళ్లూ ఎత్తి వేస్తోంది. కుంటడం లేదు. నేల వంక చూసింది. అడుగు పడిన వెంటనే, దాని వెనక గీత ఉంది.

ఆమె ఇంకోసారి చూడలేదు. ఇల్లు చేరేదాకా నకాటో మెడ వెనక చూస్తూ నడిచింది.

ఖాలిదా వాళ్లకు తెలిసిన క్లినిక్కుకు తీసుకుపోయింది. రక్తం, బీపీ, షుగరు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. డాక్టరమ్మ నిద్రమాత్రలు రాసిచ్చి, అన్న కోసం బెంగ అంది. ఖాలిదా మంచి మనిషి, కాని టీచరు. చెబితే వినని పిల్లను ఏం చేయాలో ఆమెకు తెలిసిన పద్ధతులన్నీ అయిపోయాయి. వెనక గేటుకు తాళం వేయిస్తే నకాటో గేటుకు ఎదురుగా నిలబడి, ఉన్నచోటే అడుగులు వేయడం మొదలుపెట్టింది. మూడు గంటలు అలా వేసింది. పాదాలు బొబ్బలెక్కాయి. ఖాలిదా స్వయంగా తాళం తీసి, గురవమ్మ చేతిలో పెట్టి, "ఆమెను ఒంటరిగా వదలకు. నేను బడి నుంచి గంటకోసారి ఫోను చేస్తాను," అంది. ఆ సాయంత్రం నుంచి నకాటో తాగే నీళ్ల మీద ప్రార్థన చదివి ఇచ్చేది.

గురవమ్మ తనకు తెలిసింది తాను చేసింది. ఎండుమిరపకాయలు, ఉప్పు, చీపురు పుల్లలు గుప్పిట్లో పట్టి, నకాటో చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల మీద వేసింది. మిరపకాయలు నల్లగా మాడాయి. మౌలాలి గేటు దగ్గర నుంచి తొంగిచూశాడు. ఘాటు రాలేదు. ఒక్కరికి కూడా దగ్గు రాలేదు.

"ఇంత దిష్టా!" అన్నాడు మౌలాలి.

"దిష్టి కాదు," అంది గురవమ్మ. 

ఏడో రోజు నాలొంగో నుంచి ఫోను. శిబిరంలో కాలిపోయిన శవాలను దేశానికి తెచ్చారు. ఒక శవం మీద వాస్వా పేరు కుట్టిన చొక్కా ఉంది, ముఖం గుర్తుపట్టేలా లేదు. సైన్యం అధికారులు ఇంటికి వచ్చి, పరీక్షలకు కొన్ని నెలలు పడుతుందని, కావాలంటే ఆగమని చెప్పారు. తల్లి ఆగనంది. "నా బిడ్డను ఇంకా పరాయిచోట ఉంచొద్దు. ఇవ్వండి," అంది. పెట్టె మూసి, మేకులు కొట్టి, జెండా కప్పి తెచ్చారు.

ఇంటి వెనక అరటితోటలో పూడుస్తుంటే బంధువు ఒకామె వీడియోలో చూపించింది. వంటింట్లో ముగ్గురూ చూశారు, నకాటో, గురవమ్మ, ఖాలిదా. తుపాకులు పేలాయి. జెండాను మడిచి నాలొంగో చేతుల్లో పెట్టారు.

నకాటో కళ్లలో నీళ్లు లేవు. ఏదో అడిగింది వాళ్ల భాషలో. అవతల తల్లి ఏడుపు ఆపి, కోపంగా అరిచి, ఫోను పెట్టేయించింది.

"ఏమడిగినావు మే?" అంది గురవమ్మ.

"అతనెవరు అని అడిగాను," అంది నకాటో.

ఖాలిదా ఆమెను దగ్గరికి తీసుకుని, టికెట్టు తీస్తాను, వెళ్లి అమ్మ దగ్గర ఉండి రమ్మంది. నకాటో తల అడ్డంగా ఊపింది. "నేను అక్కడికి వెళితే ఇక్కడ అతని పక్కన ఎవరు నడుస్తారు?"

ఖాలిదా గురవమ్మ వంక చూసింది. గురవమ్మ గోడ వంక చూసింది.

ఎనిమిది, తొమ్మిది, పది. రోజురోజుకూ నకాటో ఎక్కువ దూరం పోతోంది, మెల్లగా పోతోంది. గురవమ్మ రాత్రి పడుకున్నా కాళ్లు నడుస్తూనే ఉన్నట్టుండేది.

పదకొండో రోజు ఎండలో రాళ్లు కూడా తెల్లగా కనబడుతున్నాయి. ఇంటికి చాలా దూరం వచ్చేశారు. నకాటో ఒక ముళ్లచెట్టు కింద, దాని కొద్దిపాటి నీడలో ఒరిగిపోయింది. సీసా నోటికి పెడితే మింగలేదు. నీళ్లు పెదవుల పక్క నుంచి కారిపోయాయి.

"అఖూ ఖలాస్," అంది. అన్న పని అయిపోయింది అన్నట్టు. పెదవులు కదలకుండా అంది.

ఆ చెట్టు కింద నీడ ఇద్దరు మనుషులకు సరిపోయేంత లేదు. గురవమ్మ ఎండలోనే మోకాళ్ల మీద కూర్చుంది. అప్పుడు తన పక్కన ఇంకెవరో కూడా ఊపిరి తీసుకుంటున్నట్టు అనిపించిందని కూతురికి చెప్పింది. ఇటు తిరిగి చూడాలనుకుంది. మెడ తిరగలేదు. పాముకు భయపడని మనిషికి ఆ క్షణాన అరికాళ్ల నుంచి చలి ఎక్కింది, అంత ఎండలో.

భయంతో పాటు ఎక్కడలేని కోపం కూడా వచ్చింది. లేచి నిలబడి, ఉన్న గొంతంతా ఎత్తి అరిచింది.

"లేయ్! లేయ్ నాయనా! ఇట్లా రా! ఆ పక్క పోవద్దు, ఈ పక్కకు రా! నీళ్లుండాయి ఈడ, కొంచెం దూరమే! లేయ్ నా కొడకా, రా!"

ఎడమవైపు, చాలా దూరాన, పచ్చటి గీత కనబడుతోంది. డెయిరీవాళ్ల గడ్డి పొలం. చక్రాల మీద తిరిగే పెద్ద గొట్టం నీళ్లు చిమ్ముతోంది. అటు చెయ్యి చూపిస్తూ అరిచింది. అరుస్తూనే తనకు తెలిసింది, తాను ఆడపిల్లను పిలవడం లేదని.

నకాటో కళ్లు తెరిచింది. లేచింది. ఇన్నాళ్లూ తిన్నగా పొద్దు వైపే నడిచిన పిల్ల ఎడమకు తిరిగింది. గురవమ్మ ముందు నడుస్తూ, వెనక్కి తిరగకుండా, "రా, రా," అని పిలుస్తూనే ఉంది. వెనక అడుగుల శబ్దం వస్తోంది. ఎన్ని అడుగులో లెక్కపెట్టలేదు. గడ్డి పొలంలో చిమ్ముతున్న నీళ్ల కింద ఇద్దరూ బట్టలతోనే కూర్చుండిపోయారు. పొలంలో పనిచేసే బెంగాలీ మనిషి వాళ్లను చూసి, ట్రాక్టరులో ఇంటి దగ్గర దింపాడు.

నకాటో రెండు రోజులు నిద్రపోయింది. లేచాక ఆకలి అంది. అంతే, మళ్లీ ఆ గేటు దాటలేదు. గురవమ్మ ఏమీ అడగలేదు. పిల్లవాడు ఎగిరిపోయాడు కాబోలు, అందుకే నడక ఆగింది అని మనసులో అనుకుంది.

మూడు వారాల తర్వాత ఒక శుక్రవారం మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. నకాటో ఎత్తి, వినగానే కుర్చీలో వెనక్కి వాలి, అలా వింటూ ఉండిపోయింది. ఆ ముఖం చూసి గురవమ్మకు విషయం తెలిసిపోయింది.

వాస్వా బతికి ఉన్నాడు. దాడి జరిగినప్పుడు గాయపడిన తోటి సైనికుడి మీద తన చొక్కా విప్పి కప్పాడు. ఆ తోటివాడు అక్కడే పోయాడు. వాస్వా కుడి కాలికి దెబ్బ తగిలి, చీకటి విడకముందే కంచె దాటి బయటపడ్డాడు. పగలంతా ముళ్లకంపల్లో దాక్కుంటూ, నడుస్తూ, రోజుల లెక్క తప్పాడు. చివరికి కాలువ గట్టున మేకలు కాసే ఆడవాళ్లకు దొరికాడు. వాళ్లు గడ్డి కింద దాచి, ప్రభుత్వ సైనికుల దగ్గరికి చేర్చారు. జ్వరంలో తన పేరు తాను చెప్పలేని స్థితిలో ఆసుపత్రిలో ఇన్నాళ్లూ పడి ఉన్నాడు.

ఇదంతా నకాటో ఏడుస్తూ, నవ్వుతూ చెబుతోంది. ఖాలిదా పక్కనే నిలబడి కళ్లు తుడుచుకుంటోంది.

"తిన్నగా వెళ్లి ఉంటే శత్రువుల చెక్‌పోస్టు ఉందట ఆంటీ. పడిపోయి ఉన్నప్పుడు ఒకామె గొంతు వినిపించి ఎడమకు తిరిగాడట. వాడికి తెలిసిన ఏ భాషా కాదట." నకాటో ఫోను ఆమె వైపు చాచింది. "ఆ మాటలు వాడికి ఇంకా గుర్తున్నాయి. నీకు చెబుతాడట. విను."

ఫోనులో చిన్నగా మగగొంతు వినబడుతోంది. "హలో? హలో ఆంటీ?"

గురవమ్మ వెనక్కి అడుగు వేసింది. చేతులు చీర కొంగులో దాచుకుంది.

"నాకొద్దు," అంది తెలుగులో. "నాకు చెప్పొద్దని చెప్పు మే. బాగుండమని చెప్పు. బాగా తినమని చెప్పు. ఆ మాటలు మాత్రం నాకు వినిపించొద్దు."

నకాటోకు తెలుగు రాదు. గొంతు మాత్రం అర్థమయింది. ఫోను మెల్లగా తన చెవికి పెట్టుకుని, అన్నతో ఏదో చెప్పింది.

తర్వాత వాస్వాను వెంటనే ఇంటికి పంపలేదు. శిబిరం ఎట్లా పడిపోయింది, ఎవరు ఎప్పుడు కంచె దాటారు, ఆజ్ఞ ఉందా లేదా అని విచారణ జరిగింది. బతికినవాళ్లందరినీ అడిగారు. "పోయినవాళ్లకు దండ వేస్తారు, బతికినవాళ్లకు ప్రశ్న వేస్తారు," అన్నాడట చెల్లెలితో. నాలుగు నెలలకు తప్పేమీ లేదని తేల్చారు. కాలు పూర్తిగా బాగుపడక ఉద్యోగం నుంచి పంపించేశారు. ఇప్పుడు వాళ్ల టౌనులో సైకిళ్లూ మోటారుసైకిళ్లూ బాగుచేసే షెడ్డు నడుపుతున్నాడు. ఒంటరిగా బయలు ప్రదేశాల్లో నడవడు.

నకాటో ఆ సంవత్సరాంతం దాకా ఉండి, ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా వెళ్లిపోయింది. ఖాలిదా విమానాశ్రయం దాకా వచ్చింది. గురవమ్మ రాలేదు, వంటింట్లో పని ఉందంది. పని ఏమీ లేదని మౌలాలికి తెలుసు.

వెనక గేటుకు ఇప్పుడు తాళం ఉంటుంది. తాళంచెవి గురవమ్మ దగ్గరే ఉంటుంది. ఎప్పుడూ తీయదు. తోటకు మందు కొట్టడానికి వచ్చినవాళ్లు అడిగితే, ముందు గేటు నుంచి తిరిగి రమ్మంటుంది.

మొన్న ఒక రోజు నకాటో పంపిన వాయిస్ మెసేజి వచ్చింది. శవానికి చేసిన పరీక్షల ఫలితం ఇన్నాళ్లకు రావడంతో అరటితోటలో పూడ్చిన మనిషి ఎవరో తెలిసింది. అతనిది ఆ దేశం ఉత్తరాన, పగలంతా బస్సు ప్రయాణం చేస్తే వచ్చే ఊరు. సైన్యం అధికారులతో పాటు ఆ పిల్లవాడి తల్లి కూడా వచ్చింది, కొడుకును తీసుకుపోవడానికి. తవ్వేవాళ్లు తవ్వుతుంటే ఆమె నాలొంగో పక్కన చాప మీద కూర్చుంది.

"ఇన్నాళ్లూ నా బిడ్డ ఇక్కడ ఉన్నాడే, ఎవరైనా పలకరించేవారా?" అని అడిగింది.

నాలొంగో తలవంచుకుని, తన కొడుకే అనుకుని రోజూ పొద్దున వచ్చి కూర్చునేదాన్నని చెప్పింది. వాస్వా బతికి ఉన్నాడని తెలిశాక కూడా మానలేదట.

"ఏం చెప్పేదానివి వాడికి?"

ఆవు ఈనిన సంగతి, చర్చి కప్పు ఎగిరిపోయిన సంగతి, పక్కింటివాళ్ల పెళ్లి, వాన రాకపోవడం. నాలొంగో మొదటి రోజు నుంచి ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చింది. ఆ తల్లి మధ్యలో ఆపి, మళ్లీ చెప్పమని, అప్పుడు ఎండా వానా అని అడిగింది. పెట్టె బండిలోకి ఎక్కించారు. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. ఆమె చెయ్యి ఎత్తి ఆగమని, "తర్వాత ఏమయింది?" అంది.

గురవమ్మ ఆ మెసేజి రెండోసారి పెట్టుకుని వింది. పప్పు అడుగంటిన వాసన వస్తోందని మౌలాలి గేటు దగ్గర నుంచి కేకేశాడు.

"రానీబ్బా," అంది ఆమె, లేవకుండా.